కరచు తాబేలు

మన చెరువు తాబేలు అలికిడి కాగానే డిప్పలోనికి ముడుచుకొనును. అమెరికా, కెనడా దేశములలోని కరచు తాబేలుకు ఆ వీలు లేదు. దాని పొట్టక్రింది డిప్ప చాలా చిన్నది, ఒళ్ళంతా దాచుకొనలేదు. అందుకే గట్టుమీద ఎవరైనా దగ్గరకు వచ్చిన యెడల మెడ చాచి చటుక్కున కరువబోవును. నీటిలోనైతే మనిషిని చూచి తప్పుకొని పోవును.

మే, జూన్ నెలలలో ఆడ తాబేలు సుమారు 20 నుండి 40 గుడ్లు పెట్టుటకు చెరువు విడిచి రోడ్డు దాటును. అప్పుడే అనేకములు బండ్ల క్రింద నలిగిపోవును. ఆ దేశములకు వెళ్లిన మన బిడ్డలకు ఒక మాట చెప్పుదము: తోక పట్టి ఎత్తవద్దు, వెన్నెముక దెబ్బతినును. దూరముగా నిలిచి, అది పోవు వైపే పోనియ్యవలెను. కోపమని మనము తలంచునది అనేక మారులు భయమే.