తాడూ లేదు, కుర్రాడూ లేడు... గంతలు మాత్రం మనకే

పోయిన వారం ఒకే ఫార్వర్డు నాకు మూడు గ్రూపుల్లోంచి వచ్చింది. ఇంటి గ్రూపు, కాలేజీ బ్యాచ్ గ్రూపు, ఆఫీసులో తెలుగోళ్ళ గ్రూపు. సారాంశం ఏంటంటే, మన పూర్వీకులు తాడుని గాల్లో నిలబెట్టి ఎక్కేవాళ్ళట, అది గురుత్వాకర్షణని జయించిన ప్రాచీన విజ్ఞానమట, తెల్లోడొచ్చి తొక్కేశాడట. గర్వపడండి, పదిమందికి పంపండి. పంపిన నలుగురూ ఇంజనీర్లే. ప్రొడక్షన్లో ఒక లైను మారితే పది ప్రశ్నలడిగే జనం!

సరే, గర్వపడే ముందు లాగ్స్ చూద్దాం. 1890 ఆగస్టు 8న చికాగో ట్రిబ్యూన్ పత్రికలో ఒక కథ వచ్చింది. ఇద్దరు అమెరికా కుర్రాళ్ళు ఇండియా వెళ్ళారు, ఒక ఫకీరు తాడు పైకి విసిరాడు, పిల్లాడు ఎక్కి మాయమయ్యాడు. ఒకడు బొమ్మ గీశాడు, ఇంకొకడు ఫోటో తీశాడు. ఫోటోలో తాడూ లేదు, పిల్లాడూ లేడు. కాబట్టి ఫకీరు అందరినీ హిప్నటైజ్ చేశాడని తేల్చారు. రచయిత పేరు ఫ్రెడ్ ఎస్. ఎల్మోర్. గబగబా చదవండి... 'సెల్ మోర్'. ఎక్కువ అమ్ముకోడానికన్నమాట! నాలుగు నెలల తర్వాత పత్రికే ఒప్పుకుంది, ఇదంతా కల్పన అని. రాసినాయన జాన్ విల్కీ, తర్వాత 1898లో అమెరికా సీక్రెట్ సర్వీసుకి అధిపతి అయ్యాడు. సవరణ ఎవడూ చదవలేదు, కథ మాత్రం ప్రపంచం చుట్టింది. ఫార్వర్డుల సంగతి అప్పుడూ ఇంతే.

1934 ఏప్రిల్‌లో లండన్‌లో మ్యాజిక్ సర్కిల్ వాళ్ళు సభపెట్టి, ఆరుబయట ఈ తాడు విద్య చేసి చూపిస్తే 500 గినీలిస్తామన్నారు. ఆ సభకి అధ్యక్షుడు లార్డ్ ఆంప్‌థిల్. ఈయన 1900 నుంచి 1906 దాకా మద్రాసు గవర్నరు. అప్పట్లో మా ఆదోని, ఎమ్మిగనూరు బళ్ళారి జిల్లాలో, మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి (1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చాకే కర్నూలు వైపు వచ్చాం). అంటే మా తాతల్ని ఏలిన దొరే కూర్చుని, ఇది ఎవరైనా చూపిస్తారా అని అడిగాడు. ఆ సభ తేల్చింది ఏంటంటే, అలాంటి విద్య లేదు అని.

"శంకరాచార్యులవారే రాశారు కదా" అని ఒక మిత్రుడు ఎగిరాడు. రాశారు బాబూ. బ్రహ్మసూత్ర భాష్యంలో, కత్తీ డాలూ పట్టుకుని దారం మీద ఎక్కుతున్నట్టు కనిపించే మాయావి వేరు, నేల మీద నిలబడ్డ అసలు మాయావి వేరు అన్నారు. భ్రమకి ఉదాహరణగా వాడుకున్నారు. వెయ్యేళ్ళ క్రితం ఆచార్యుడికి తెలిసింది మనకి తెలియకపోతే ఎట్లా?

అసలు ఆ రోజుల్లో మన పేరు పెట్టి అక్కడ ఎంత వ్యాపారం జరిగిందో చూస్తే ఒళ్ళు మండుతుంది. 1893 చికాగో అంటే మనకి వివేకానందుడు. అదే ఏడు అక్కడి ప్రపంచ ప్రదర్శనలో హౌడినీ ముఖానికి రంగు పూసుకుని 'హిందూ ఫకీరు' వేషం కట్టాడు. అమెరికా మాంత్రికుడు కెల్లర్ 1904 ప్రాంతంలో అమ్మాయిని గాల్లో తేల్చి, ఇది హిందువుల రహస్యం అని చెప్పుకున్నాడు. ఆ యంత్రం లండన్‌లో మాస్కెలిన్ కట్టిందానికి నకలు. సరుకు వాళ్ళది, లేబులు మనది. ఆ లేబులు చూసి మనం ఇప్పటికీ మురిసిపోతున్నాం.

మరి మన సొంత సరుకు? ఉంది, అదీ బోలెడు. విజయనగర కాలపు శాసనాల్లోనే విప్రవినోదుల ప్రస్తావన ఉంది. బ్రాహ్మణ సభల్లో గారడీ చేసి బతికిన బ్రాహ్మణులు వాళ్ళు. 1885లో కడప జిల్లాలో పుట్టిన సురభి వాళ్ళు గుడ్డ తెరలు, తీగలు, కప్పీలతో మాయాబజార్ ఆడి ఊరూరూ నోరెళ్ళబెట్టేలా చేశారు. ఇక వీధుల్లో గారడీ సాయిబులు. మూడు గిన్నెల కింద గుండు, బుట్టలో పిల్లాడు, చూస్తుండగానే మొలిచే మామిడి మొక్క.

ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరస్వామి జాతరలో, ఆదోని మార్కెట్ దగ్గర నేను చిన్నప్పుడు చూసింది వీళ్ళనే. పిల్లాడిని నేల మీద పడుకోబెట్టి దుప్పటి కప్పుతారు. సాయిబు మన జేబులోంచి నోటు తీసుకుని "ఏముంది చెప్పు" అంటాడు. దుప్పటి కిందనుంచి పిల్లాడు నోటు మీది నంబరు చదివేస్తాడు! ఇందులో అతీంద్రియం ఏమీ లేదు. "చెప్పు" అంటే ఒకటి, "చెప్పరా" అంటే రెండు, "తొందరగా" అంటే మూడు... ఇలా మాటలతోనే ఒక కోడు. నోరు ఎన్‌కోడరు, దుప్పటి కింద డీకోడరు. 1906లో లండన్ అల్‌హాంబ్రా థియేటర్లో జాన్‌సిగ్ దంపతులు ఇదే పద్ధతిలో 'మనసులు చదివి' ఊరినంతా ఊపేశారు. మా సాయిబుకి ఎర్రటి ఎండలో, చుట్టూ మూడొందల కళ్ళ మధ్య, తెరా లైటింగూ లేకుండా చెయ్యాలి. ఏది కష్టమో మీరే చెప్పండి.

వాళ్ళకి మనం ఇచ్చిందేంటి? 2007లో మన రాష్ట్రంలో బీసీ-ఇ జాబితా చేసినప్పుడు గారడీ సాయిబులు, పాములవాళ్ళు, గారడోళ్ళు అని అందులో చేర్చారు. వెనకబడ్డారని ప్రభుత్వమే రాసుకుందన్నమాట. 1959 నాటి బొంబాయి భిక్షాటన నిరోధక చట్టమైతే వీధిలో ఆడి, పాడి, విద్య చూపించి డబ్బు తీసుకున్నా భిక్షాటన కిందే లెక్కేసింది. ఢిల్లీకి వర్తింపజేసిన ఆ చట్టంలో ముఖ్యమైన సెక్షన్లని 2018లో ఢిల్లీ హైకోర్టు కొట్టేసింది. ఇక మన గేటెడ్ కమ్యూనిటీలకి చట్టం ఎందుకు, సెక్యూరిటీ గార్డు చాలు.

ఇప్పుడు నా కడుపుమంట దగ్గరికొస్తా. మా అక్కా బావా ఆదోనిలో ఉంటారు. మేనల్లుడికి తొమ్మిదేళ్ళు. వాడిని ఒక సెంటర్లో (పేరెందుకులెండి) 'మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్' కోర్సులో చేర్చారు. ఫీజు నా కాలేజీ రోజుల హాస్టలు బిల్లంత. రెండు రోజుల్లో పిల్లాడు కళ్ళకి గంతలు కట్టుకుని రంగులు చెప్తాడు, పుస్తకం చదువుతాడు. "చూసినావా బామ్మర్దీ, బ్రెయిన్ సైన్సు" అని బావ వీడియో పంపాడు.

వీడియో చూశా. పిల్లాడు కార్డుని ముక్కు దగ్గరికి తెచ్చి 'వాసన' చూస్తున్నాడు. తల కాస్త పైకెత్తి ఉంది. గంతలు కడితే ముక్కుకి రెండు పక్కలా కాస్త సందు మిగులుతుంది. ఆ సందులోంచి కిందికి చూస్తే అన్నీ కనిపిస్తాయి. ఇది స్టేజీ మ్యాజిక్‌లో పాతచింతకాయ పచ్చడి. కాశ్మీరు నుంచి వెళ్ళిన ఖుదా బక్ష్ 1930లలో కళ్ళ మీద పిండిముద్ద, దూది, కట్టు మీద కట్టు వేయించుకుని లండన్‌లో పుస్తకాలు చదివాడు. ఆయన కనీసం టిక్కెట్టు పెట్టి స్టేజీ మీద చూపించాడు, ఊరి పిల్లల చేత అబద్ధం ఆడించలేదు. ఇంకో సంగతి, మధ్యమెదడు పనిచెయ్యకపోతే కళ్ళు సరిగ్గా తిరగవు, కనుపాప వెలుతురుకి సరిగ్గా ముడుచుకోదు. మా వాడికి అది పుట్టినప్పటినుంచీ యాక్టివేటెడే!

నన్ను బాధపెట్టేది డబ్బు కాదు. తొమ్మిదేళ్ళ పిల్లాడికి తను సందులోంచి చూస్తున్నానని తెలుసు. అమ్మానాన్నా మురిసిపోతున్నారు, చుట్టాలు చప్పట్లు కొడుతున్నారు. వాడిప్పుడు నిజం ఎవరికి చెప్పాలి? దుప్పటి కింద పడుకున్న సాయిబు కొడుక్కి ఈ బాధ లేదు. వాడికి తెలుసు అది పని అని, వాళ్ళ నాన్న నేర్పిన కోడు అని. చూసేవాళ్ళకీ తెలుసు గారడీ అని. ఆటయ్యాక సాయిబు పళ్ళెం పట్టుకుని వస్తే రూపాయి వెయ్యడానికి మా ఊళ్ళో పెద్దమనుషులు మొహం పక్కకి తిప్పుకునేవాళ్ళు. అదే మోసానికి టై కట్టి, ప్రొజెక్టరు పెట్టి, 'సైన్సు' అని బోర్డు తగిలిస్తే చెక్కు రాసిస్తున్నారు.

"పిల్లల్లో కాన్ఫిడెన్స్ పెరుగుతుంది కదా" అని ఆఫీసులో ఒకాయన అన్నాడు. పెరుగుతుంది సార్. దొరక్కుండా అబద్ధం ఆడగలనన్న కాన్ఫిడెన్స్. అంత కాన్ఫిడెన్సే కావాలంటే పిల్లాడికి నాలుగు మ్యాజిక్కులు మ్యాజిక్కులుగానే నేర్పించండి. చేతివేళ్ళు కదులుతాయి, పదిమందిలో మాట్లాడడం వస్తుంది, మనిషి చూపుని ఎటు మళ్ళించవచ్చో తెలుస్తుంది. జన విజ్ఞాన వేదిక వాళ్ళు బళ్ళలో చూపించి, ఎలా చేశారో విప్పి చెప్పేది ఇదే. మంగళూరు నరేంద్ర నాయక్ గారు ఈ గంతల చదువు గుట్టు ఊరూరా తిరిగి విప్పారు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఈ కోర్సుకి వెళ్ళి ఉంటే టెస్ట్ కేసు సులువే. గంతలు అలాగే ఉంచి, గడ్డం కింద ఒక పెద్ద అట్ట అడ్డం పెట్టండి. లేదా పుస్తకాన్ని తల వెనక పట్టుకోండి. మెదడుతో చదివేవాడికి తల వెనకైతే ఏంటి, ముందైతే ఏంటి? ఒక్క జాగ్రత్త, చుట్టాల ముందు మాత్రం చెయ్యొద్దు. తలుపేసుకుని, మీరూ పిల్లాడూ ఇద్దరే ఉన్నప్పుడు చెయ్యండి. చదవలేకపోతే తిట్టొద్దు. వాడికి ఎలా చూడాలో నేర్పినవాడి దగ్గరికి వెళ్ళి ఫీజు రసీదు ముందు పెట్టండి.