తెలుసుకుందాం: ఆఫీసు కంప్యూటరు, ఇంటి కంప్యూటరు



"మా నాన్నగారి ఆఫీసులో కంప్యూటర్లన్నిటిలోనూ లినక్సు ఉన్నదట. మా ఇంట్లో దానిలో విండోస్ ఉన్నది. రెండూ కంప్యూటర్లే కదా, ఈ తేడా ఎందుకు?" అని మీలో ఒకరు ఉత్తరం రాశారు. ప్రశ్న చిన్నదే గాని, జవాబులో చాలా సంగతులున్నవి. ఈ నెల వాటిని తెలుసుకుందాం. పెద్దలు కూడా పక్కన కూర్చుని చదివితే మంచిది.

ముందు మీ బడినే తీసుకోండి. గదులున్నవి, బల్లలున్నవి, నల్లబల్ల ఉన్నది, గంట ఉన్నది. ఇవి ఉన్నంత మాత్రాన బడి నడుస్తుందా? ఏ తరగతి ఏ గదిలో కూర్చోవాలి, ప్రయోగశాల ఎవరికి ఎప్పుడు ఇవ్వాలి, ఇద్దరు మేష్టర్లు ఒకే గదికి వస్తే ఎవరు ఆగాలి - ఇవన్నీ చూచే హెడ్మాస్టరు ఒకరుండాలి. కంప్యూటరులో తెర, మీటలు, మెమరీ మొదలైనవి బడి సామానువంటివి. బొమ్మలు గీసే ప్రోగ్రాము, ఉత్తరాలు రాసే ప్రోగ్రాము తరగతులవంటివి. వీటికి చోటూ, సమయమూ పంచిపెట్టే హెడ్మాస్టరే ఆపరేటింగ్ సిస్టం. విండోస్ ఒక హెడ్మాస్టరు, లినక్సు మరొక హెడ్మాస్టరు అన్నమాట.

విండోస్ అమెరికాలోని మైక్రోసాఫ్ట్ కంపెనీ తయారుచేసిన సరుకు. వెల ఇచ్చి, అనుమతి పొంది వాడుకోవాలి. దాని లోపలి రాత కంపెనీవారి దగ్గరే ఉంటుంది. లినక్సు కథ వేరు. 1991లో ఫిన్లాండు దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే 21 ఏళ్ల విద్యార్థి సరదాకు దీన్ని రాయడం మొదలుపెట్టి, రాసినదంతా అందరికీ చూపించాడు. అంతకుముందే 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ అనే ఆయన, ఎవరైనా చదివి, మార్చి, పంచుకోదగిన సాఫ్ట్‌వేరు తయారుచేయాలని 'గ్నూ' అనే పని ప్రారంభించాడు. ఈ రెండూ కలిసిపోయాయి. ప్రపంచం నలుమూలల నుంచీ వేలాదిమంది చేతులు కలిపారు. ఉబుంటు, డెబియన్ వంటి పేర్లతో ఈనాడు మనకు దొరికేది ఆ ఉమ్మడి పంటే.

ఊళ్లో ఎడ్లబండి చూచారు కదా? చక్రం చెడితే ఊరి వడ్రంగే బాగుచేస్తాడు. బండి ఎట్లా చేశారో అతనికి కనబడుతూనే ఉంటుంది. అదే, బండికి నాలుగువైపులా రేకులు కొట్టి తాళం వేసి, "మేము తప్ప ఎవరూ తెరవకూడదు" అంటే? బండి బాగానే నడవవచ్చు. కాని మరమ్మతుకు ప్రతిసారీ తాళంచెవి ఉన్నవారి దగ్గరికే పోవాలి. లినక్సు మొదటి రకం బండి. ఇక్కడ మన తెలుగులో రెండు మాటలున్నవి: వెల లేనిది ఉచితం, విప్పిచూచి మార్చుకోగలగడం స్వేచ్ఛ. లినక్సులో ఎక్కువ విలువైనది రెండోది.

ఇక ఆఫీసుల సంగతి. భారత ప్రభుత్వ సంస్థ అయిన సీడాక్ 2007లో 'బాస్' అనే పేరుతో, తెలుగు మొదలైన మన భాషలలో పనిచేసే లినక్సును విడుదల చేసింది. 2015లో కేంద్ర ప్రభుత్వం, తన కార్యాలయాలలో ఇటువంటి బహిరంగ సాఫ్ట్‌వేరుకు ప్రాధాన్యం ఇవ్వాలని విధానం ప్రకటించింది. ఈ-కోర్ట్స్ పథకం కింద మన న్యాయస్థానాలలో ఉబుంటు ప్రవేశించింది. 2023లో రక్షణ మంత్రిత్వశాఖ, ఇంటర్నెట్టుకు కలిపిన తన కంప్యూటర్లలో విండోస్ తీసివేసి, ఉబుంటు ఆధారంగా మన దేశంలో తయారైన 'మాయా'ను పెట్టాలని నిర్ణయించింది.

ఆఫీసుల్లో ఇది ఎట్లా సాధ్యమైంది? ఒక లెక్క చేయండి. ఒక్కో కంప్యూటరుకు అనుమతి వెల 5,000 రూపాయలు అనుకుందాం. ఇంట్లో ఒకటే కంప్యూటరు కనుక 5,000తో సరి. ఆఫీసులో 1,000 కంప్యూటర్లుంటే 50 లక్షలు! అదీగాక గుమాస్తా చేసే పని నిర్ణీతమైనది. రోజూ అవే నాలుగు ప్రోగ్రాములు. అవి లినక్సులో పనిచేస్తే చాలు. ఏదైనా చెడితే చూడడానికి ఒక ఉద్యోగి ఉంటాడు. మారాలని పైనుంచి ఉత్తరువు వస్తే అందరూ ఒకేసారి మారతారు. దేశ రహస్యాలున్న చోట, లోపల ఏమున్నదో విప్పి పరీక్షించుకునే వీలు ఉండటం మరొక లాభం.

అయితే ఆఫీసులన్నీ ఇట్లాగే ఉండవు. వ్యాపారస్తులు లెక్కలు రాసుకునే టాలీ విండోస్ కోసం తయారైనది. మన తెలుగు ప్రెస్సులలో పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు కూర్చేవారు ఏళ్ల తరబడి విండోస్‌మీద అను ఫాంట్లతో పనిచేశారు. చేతికి అలవాటైన పనిముట్టును మార్చడం తేలిక కాదు.

ఇళ్లలో మరీ కష్టం. దుకాణం నుంచి వచ్చేసరికే చాలా కంప్యూటర్లలో విండోస్ ఉంటుంది. మీకు ఇష్టమైన ఆట దానిలోనే ఆడుతుంది. ఏదైనా సందేహం వస్తే పక్కింటి అన్నయ్యకు తెలిసినదీ అదే. ఇంకొక కారణం కూడా ఉన్నది, చెప్పక తప్పదు. కొందరు వెల ఇవ్వకుండా దొంగ నకలు పెట్టించుకుంటారు. దొంగ నకలు ఊరికే దొరుకుతుంటే, లినక్సు ఉచితమని చెప్పినా ఎవరికి పడుతుంది? కాని దొంగ నకలులో వైరసులు దాగి ఉండవచ్చు. అంతకన్నా ముఖ్యం, అది ఒకరి కష్టార్జితాన్ని అడగకుండా తీసుకోవడం. పక్కవాడి పెన్సిలు తీసుకోవద్దని మీకు చెప్పే పెద్దలు, మీ ముందే దొంగ నకలు పెట్టిస్తే మీరేమి నేర్చుకుంటారు? వెల ఇచ్చి విండోస్ కొనండి, లేదా లినక్సు వాడండి. రెండూ గౌరవమైన దారులే.

ఈ ప్రశ్నకు ఇప్పుడు తొందర వచ్చిపడింది. విండోస్ 10కు మామూలుగా ఇచ్చే ఉచిత భద్రతా మరమ్మతులను మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబరు 14తో ఆపివేసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లను తనకు తగినవిగా ఒప్పుకోదు. అంటే చక్కగా పనిచేసే యంత్రాలెన్నో అటకలెక్కే ప్రమాదం ఉన్నది. పేద బడిలో అటువంటి కంప్యూటర్లు పది ఉంటే, కొత్తవి కొనడానికి డబ్బు ఎక్కడిది? తేలికరకం లినక్సు పెడితే వాటిలో చాలామట్టుకు ఇంకా కొన్నేళ్లు పనిచేస్తాయి.

బడులలో ఇది సాగుతుందా అని మేష్టర్లకు సందేహం కలగవచ్చు. కేరళను చూడండి. అక్కడ 2001లో 'ఐటీ ఎట్ స్కూల్' అనే పథకం ప్రారంభమైంది. ఆ తరువాత కొన్నేళ్లలో ప్రభుత్వ పాఠశాలలు లినక్సుకు మారాయి. యంత్రాలు ఇచ్చి ఊరుకోలేదు. ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు, పాఠ్యపుస్తకాలు రాయించారు, మలయాళంలో పనిచేసే వీలు కల్పించారు. మన హైదరాబాదులోని 'స్వేచ్ఛ' అనే సంస్థ కూడా లినక్సును తెలుగులో తెచ్చింది. ముందు మేష్టరు నేర్చుకుంటే పిల్లలు ఆగరు. అది నేను ముప్పై ఏళ్లకు పైగా బడిలో చూచిన సంగతే.

మరొక తమాషా చెప్పనా? "మా ఇంట్లో లినక్సు లేదు" అంటున్నారు కదా, మీ అమ్మగారి ఫోను ఆండ్రాయిడ్ అయితే దాని గుండెకాయ లినక్సే! ప్రపంచంలోకెల్లా శక్తివంతమైన 500 సూపర్ కంప్యూటర్ల పట్టికలో 2017 నవంబరు నుంచీ అన్నీ లినక్సువే. చేతిలోనూ ఉన్నది, మహాయంత్రంలోనూ ఉన్నది. మధ్యనున్న మన బల్లమీది కంప్యూటరులోనే ఇంకా తక్కువ.

చేసి చూడండి: ఒక ఖాళీ పెన్ డ్రైవులో ఉబుంటును ఎక్కించి, కంప్యూటరులో ఉన్నదాన్ని చెరపకుండానే నడిపి చూడవచ్చు. ఇది తప్పక పెద్దల ఎదుటనే చేయాలి. తెరమీద 'ఇన్‌స్టాల్' అన్నది మాత్రం నొక్కవద్దు. నొక్కితే పాత ఫోటోలూ, కాగితాలూ పోవచ్చు. తరువాత ఒక కాగితంమీద రెండు వరసలు గీయండి. మీ ఇంట్లో కంప్యూటరుతో చేసే పనులన్నీ ఒక వరసలో రాయండి. ఏవి లినక్సులో జరిగాయో, ఏవి జరగలేదో రెండో వరసలో గుర్తుపెట్టండి. మీ ఇంటికి ఏది తగునో ఆ కాగితం చూచి మీరూ, మీ నాన్నగారూ, అమ్మగారూ కలిసి తేల్చుకోండి.