తాళం వేస్తే మిగిలేది వెలివేతే

వేదం విన్న శూద్రుని చెవుల్లో సీసం పోయమన్నది గౌతమ ధర్మసూత్రం. పిల్లలు తక్కువన్న సాకుతో బధిరుల ప్రత్యేక విభాగాన్ని మూయడం కూడా ఫలితంలో వెలివేతేనని నా వాదన. సైగభాష తెలియని ఉపాధ్యాయుని తరగతిలో బధిర బాలిక కూర్చుంటుంది గాని చదువుకోదు. కలవారి బిడ్డకు కాక్లియర్ ఇంప్లాంటు, ప్రైవేటు శిక్షణ ఉంటాయి. దళితవాడలోని కూలితల్లి బిడ్డకు ఆ విభాగమే దిక్కు.

40 శాతం, ఆపైన వైకల్యమున్న 6–18 ఏళ్ల పిల్లలకు ఉచిత విద్య హక్కు. అది పొరుగు బడిలోనా, ప్రత్యేక పాఠశాలలోనా అన్న ఎంపిక వారిదేనని 2016 వికలాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ చెబుతోంది. సంఖ్య తగ్గితే వాడవాడా వెతికి చేర్పించాలి, హాస్టల్ వసతి కల్పించాలి.

సుబేదారిలో కలెక్టరేటూ ఉంది, ఆర్ట్స్ కళాశాలా ఉంది. రిజర్వేషన్లకై కదిలే విద్యార్థి సంఘాలు ఈ డిమాండునూ ఆ గడప ముందుంచాలి.