బరువును బట్టే బండి పన్ను

2024-25లో దేశంలో అమ్ముడైన సుమారు 43 లక్షల ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 28 లక్షలు ఎస్‌యూవీల వంటి యుటిలిటీ వాహనాలే. కొనేవారి మోజు అని ప్రభుత్వాలు చేతులు దులుపుకొంటే కుదరదు. 2022లో మన రోడ్లు బలిగొన్న 1,68,491 మందిలో 32 వేలమందికి పైగా పాదచారులు, దాదాపు 75 వేలమంది ద్విచక్ర వాహనాలపై వెళ్తున్నవారు. ఈ చావులన్నీ పెద్ద కార్ల వల్లే కాదు, నిజమే. కానీ ఇలాంటి రోడ్ల మీదకే ఏటికేడు మరింత ఎత్తు, మరింత బరువున్న బండ్లు వస్తున్నాయి.

మామూలు కారు ఢీకొంటే దెబ్బ సాధారణంగా కాళ్లకు తగిలి మనిషి బానెట్‌ మీద పడతాడు. నిటారు ముక్కున్న ఎత్తైన బండి అయితే నేరుగా నడుముకో ఛాతీకో గుద్ది, కిందపడేసి మీదికెక్కే ముప్పుంది. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ దాదాపు 18 వేల ప్రమాదాలను పరిశీలించి 2023లో ఓ లెక్క చెప్పింది. 30 అంగుళాల లోపు ఏటవాలు బానెట్‌ ఉన్న కార్లతో పోలిస్తే, 40 అంగుళాలు దాటినవి గుద్దితే పాదచారి చనిపోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. ఐదేళ్ల పిల్ల ఎత్తే సుమారు 43 అంగుళాలు! బడి గేటు దగ్గర అలాంటి బానెట్‌కు ఆనుకుని నిలబడితే స్టీరింగ్‌ వెనకున్నవారికి ఆ పిల్ల జడ రిబ్బను కూడా కనబడకపోవచ్చు.

పొగ సంగతీ తక్కువేం కాదు. అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కన 2023లో ప్రపంచంలోని ఎస్‌యూవీలు వదిలిన కార్బన్‌ డయాక్సైడ్‌ 100 కోట్ల టన్నులు. మధ్యస్థాయి కారుకన్నా ఇవి 200 నుంచి 300 కిలోల బరువెక్కువ.

మన పన్నులకు మాత్రం ఈ బరువు పట్టదు. తెలుగు రాష్ట్రాల్లో లైఫ్‌ ట్యాక్స్‌ను ధర చూసి వేస్తున్నారు. 2025 సెప్టెంబరులో జీఎస్టీ మార్చినప్పుడూ చిన్న కారును తేల్చింది పొడవు, ఇంజిన్‌ సామర్థ్యాలతోనే. ఇంధన సామర్థ్య నిబంధనలైతే మరీ విడ్డూరం: కార్ల సగటు బరువు ఎక్కువున్న కంపెనీకి ఉద్గారాల పరిమితి సడలుతుంది.

పారిస్‌ ఇంకో దారి పట్టింది. 2024 ఫిబ్రవరిలో నగర ఓటర్ల తీర్పు కోరి, బయటి నుంచి వచ్చే 1.6 టన్నులు, ఆపై బరువున్న కార్లకు నడిబొడ్డున పార్కింగ్‌ రుసుమును గంటకు 18 యూరోలు చేసింది. విద్యుత్‌ కార్లకు ఆ పరిమితి 2 టన్నులు.

గుంతల రోడ్లు, వానొస్తే చెరువులయ్యే వీధులే పెద్ద బండి కొనిపిస్తున్నాయన్న వాదనలో నిజముంది. ఆ రోడ్లు బాగుచేయాల్సింది ప్రభుత్వమే. పాదచారి ప్రాణంతో ఆ లోటు పూడ్చడం అన్యాయం. లైఫ్‌ ట్యాక్స్‌ను బరువుకూ బానెట్‌ ఎత్తుకూ ముడిపెట్టాలి. హైదరాబాద్‌, విజయవాడ, విశాఖల్లో పార్కింగ్‌ రుసుమూ అలాగే ఉండాలి. ఏజెన్సీ ఊళ్లలో పదిమందిని ఎక్కించుకుని తిరిగే జీపులను మినహాయించి, ఈ మార్పును వచ్చే బడ్జెట్లలోనే ప్రకటించాలి.