అమెరికా రెసిడెన్సీకి వీడియో ఇంటర్వ్యూ: మన్యంలో పనిచేసే డాక్టర్లు ముందే చూసుకోవాల్సినవి ఇవీ

అరకు, పాడేరు, చింతపల్లి వైపు పీహెచ్‌సీల్లో పనిచేసే యువ డాక్టర్లకు ఎంబీబీఎస్ తర్వాత ప్రధానంగా రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి మన దేశంలోనే పీజీ సీటు. రెండోది అమెరికా రెసిడెన్సీ. మొదటిదానికి ఇంటర్వ్యూ ఉండదు. రెండోదానికి ఇంటర్వ్యూయే కీలకం. 2020లో కోవిడ్ వచ్చినప్పటి నుంచి అది ఎక్కువగా వీడియో కాల్‌లోనే సాగుతోంది. విమానం ఎక్కక్కర్లేదు సరే, మరి సిగ్నల్ సంగతేంటి?

మన పీజీ సీటుకు ఇంటర్వ్యూ ఎందుకు లేదు?

నీట్ పీజీ ర్యాంకే ఇక్కడ అన్నింటికీ ఆధారం. ప్రభుత్వ కాలేజీల్లో 50 శాతం సీట్లు ఆలిండియా కోటాకు వెళ్తాయి. వాటిని మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ భర్తీ చేస్తుంది. రాష్ట్ర కోటా సీట్లను విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం చూస్తుంది. రెండుచోట్లా ఆన్‌లైన్‌లో వెబ్ ఆప్షన్లు పెట్టుకోవడమే. ఎస్టీ రిజర్వేషన్ ఆలిండియా కోటాలో 7.5 శాతం, రాష్ట్రంలో 6 శాతం. ప్రభుత్వ సర్వీసులో ఉన్నవారికి ఇన్‌సర్వీస్ కోటా అదనం. ఈ కోటా తగ్గింపుపై 2024లో, మళ్లీ 2025లో పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళనకు దిగారు. శాతాలు మారుతున్నాయి కాబట్టి ఆ ఏడాది నోటిఫికేషన్ చూడకుండా లెక్కలు వేసుకోవద్దు.

అమెరికాలో ఎలా?

ముందు యూఎస్ఎంఎల్ఈ స్టెప్ 1, స్టెప్ 2 సీకే పాసవ్వాలి. ఇంగ్లిష్ పరీక్ష ఓఈటీ, ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ కూడా కావాలి. స్టెప్ 1కు 2022 జనవరి నుంచి మార్కులు ఇవ్వడం లేదు, పాస్ లేదా ఫెయిల్ మాత్రమే. సెప్టెంబరులో ‘ఎరాస్’ అనే వ్యవస్థ ద్వారా ఆసుపత్రుల ప్రోగ్రాములకు దరఖాస్తులు వెళ్తాయి. అక్టోబరు నుంచి జనవరి వరకు ఇంటర్వ్యూలు. ఆ తర్వాత అభ్యర్థులు, ప్రోగ్రాములు వేర్వేరుగా ర్యాంక్ లిస్టులు ఇస్తే కంప్యూటర్ జత కలుపుతుంది. మార్చిలో ఫలితం. దీన్నే ‘మ్యాచ్’ అంటారు.

2025 మ్యాచ్‌లో, అమెరికా పౌరులు కాని విదేశీ మెడికల్ గ్రాడ్యుయేట్లలో 58 శాతం మందికి మొదటి ఏడాది సీటు దక్కింది. అంటే పది మందిలో నలుగురికి ఇంటర్వ్యూల దాకా వెళ్లినా, వెళ్లకపోయినా చేతికేమీ రాలేదు.

వీడియోతో ఖర్చు ఎంత తగ్గింది?

విజిటర్ వీసా, విమాన టికెట్లు, ఊరూరా తిరగడానికి అయ్యే ఖర్చు చాలామందికి తప్పింది. మిగతావి అలాగే ఉన్నాయి. యూఎస్ఎంఎల్ఈలో ఒక్కో పరీక్షకు వెయ్యి డాలర్ల పైనే అవుతుంది. 2025 సీజన్‌లో ఎరాస్ ఫీజు మొదటి 30 ప్రోగ్రాములకు ఒక్కోదానికి 11 డాలర్లు, ఆపైన ఒక్కోదానికి 30 డాలర్లు. ఒకే స్పెషాలిటీలో వంద ప్రోగ్రాములకు పెడితే 2,430 డాలర్లు. అమెరికా ఆసుపత్రిలో కొన్ని వారాలు పనిచేసి సిఫార్సు లేఖలు తెచ్చుకోవాలంటే అక్కడికి వెళ్లక తప్పదు. ప్రయాణ ఖర్చులో ఒక భాగం పోయింది, అంతే.

ఇక్కడ టైమ్ ఎంతవుతుంది?

అమెరికాలో నవంబరు మొదటి ఆదివారం గడియారాలు గంట వెనక్కి జరుగుతాయి. ఉదయం 8 గంటల ఇంటర్వ్యూ అంటే మనకు:

• న్యూయార్క్: అక్టోబరులో సాయంత్రం 5.30, ఆ ఆదివారం తర్వాత 6.30
• షికాగో, హ్యూస్టన్: సాయంత్రం 6.30, తర్వాత రాత్రి 7.30
• కాలిఫోర్నియా: రాత్రి 8.30, తర్వాత 9.30

నాలుగైదు గంటలు సాగితే కాలిఫోర్నియా ఇంటర్వ్యూ అర్ధరాత్రి దాటుతుంది. ఆ రాత్రి పీహెచ్‌సీకి పురుటి కేసు వస్తే చూసేదెవరు? డ్యూటీ ముందే మార్చుకుని, మెడికల్ ఆఫీసర్‌కు చెప్పి ఉంచాల్సిన పని ఇది. ఇంటర్వ్యూ రోజున ఫోన్ ఆపేసి కూర్చుంటే రోగికీ నష్టం, మీ ఉద్యోగానికీ నష్టం.

మన్యంలో అసలు ఇబ్బంది ఏమిటి?

ఇంటర్వ్యూల సీజనూ, అరకు టూరిస్ట్ సీజనూ ఒక్కటే. పర్యాటకులు పోటెత్తే వారాంతాల్లో ఘాట్ రోడ్డు నిండిపోతుంది, రూములు దొరకవు, డేటా నెమ్మదిస్తుంది. అక్టోబరు, నవంబరు తుపాన్ల నెలలు కూడా. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖ నగరంలోనే కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు.

టవర్లు పెరిగిన మాట నిజమే. 2023 జూన్‌లో రాష్ట్రంలో ఒకేసారి ప్రారంభించిన 100 4జీ టవర్లలో 85 అల్లూరి సీతారామరాజు జిల్లావే. అయితే టవర్ ఉండటం వేరు, కొండ మలుపు వెనక నాలుగు గంటలు వీడియో ఆగకుండా నడవడం వేరు.

ముందే ఏం చూసుకోవాలి?

• ఇంటర్వ్యూకు పిలుస్తూ ఈమెయిల్ వస్తుంది. మంచి స్లాట్లు త్వరగా నిండిపోతాయి. సిగ్నల్ అందని చోట డ్యూటీ ఉంటే, నమ్మకమైన ఒకరిని మెయిల్ చూడమనండి.
• అదే గదిలో, అదే సమయానికి రెండు మూడు రోజులు ట్రయల్ కాల్ చేసి చూడండి. పగలు బాగున్న నెట్ రాత్రి అలాగే ఉంటుందని అనుకోవద్దు.
• వైర్ కనెక్షన్ ఉంటే మొదట అదే. రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు, ఇన్వర్టర్ దగ్గర ఉంచుకోండి.
• కాల్ తెగితే చేయడానికి ప్రోగ్రామ్ కోఆర్డినేటర్ నంబరు కాగితం మీద రాసుకోండి.
• విశాఖ వెళ్లి కూర్చోవాలనుకుంటే ముందు రోజే ఘాట్ దిగండి. అరకు నుంచి సుమారు 115 కిలోమీటర్లు.
• ఇంకెక్కడ దరఖాస్తు చేశారు, మాకు ఎన్నో ర్యాంకు ఇస్తారు అని ప్రోగ్రాములు అడగకూడదు. మ్యాచ్ నిబంధనలు దీన్ని నిషేధిస్తున్నాయి.
• ‘మ్యాచ్ గ్యారంటీ’ అంటూ డబ్బు అడిగేవారిని నమ్మవద్దు. అలాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరు.

సీటు వచ్చాక?

ఎక్కువమంది జే-1 వీసాపై వెళ్తారు. దానికి కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చే ‘స్టేట్‌మెంట్ ఆఫ్ నీడ్’ కావాలి. శిక్షణ ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్నది నిబంధన. అయితే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేస్తే ‘కాన్రాడ్ 30’ కింద మినహాయింపు దొరుకుతుంది. ఒక్కో రాష్ట్రం ఏటా 30 మందికి ఈ అవకాశం ఇవ్వొచ్చు. హెచ్-1బీ దారిలో, 2025 సెప్టెంబరులో కొత్త పిటిషన్లపై ప్రకటించిన లక్ష డాలర్ల ఫీజును లెక్కలోకి తీసుకోవాలి.

మరి మన్యం సంగతి?

అమెరికా తన మారుమూల ప్రాంతాలకు డాక్టర్లను రప్పించుకోవడానికి వీసానే ఎరగా వాడుతోంది. మన దగ్గర ఆ పని చేయాల్సినవి ఇన్‌సర్వీస్ కోటా, గిరిజన ప్రాంత అలవెన్సు. 2025 ఆందోళనలో ఈ రెండూ డిమాండ్లే. 2020 నిబంధనల ప్రకారం పీజీ విద్యార్థులు మూడు నెలలు జిల్లా ఆసుపత్రి స్థాయిలో పనిచేయాలి. అది కొంత ఊరటే కానీ శాశ్వత డాక్టరుకు బదులు కాదు.

పాడేరు ప్రభుత్వ మెడికల్ కాలేజీలో 2024లో 50 సీట్లతో తొలి బ్యాచ్ చేరింది. చదువు, హౌస్‌సర్జన్సీ పూర్తయ్యేసరికి 2030 వస్తుంది. వాళ్లూ ఈ రెండు దారుల దగ్గరే నిలబడతారు. కాలేజీలో వైర్ ఇంటర్నెట్, కరెంటు బ్యాకప్ ఉన్న ఒక గదిని రాత్రిపూట కూడా తెరిచి ఉంచితే ఇంటర్వ్యూ ఉన్నవారికి ఘాట్ దిగే బాధ తప్పుతుంది. అదే గది పగలు ఈ-సంజీవనికి పనికొస్తుంది. డాక్టరు భవిష్యత్తు తేల్చే వీడియో కాల్‌కూ, పీహెచ్‌సీ నుంచి రోగిని స్పెషలిస్టుకు చూపించే కాల్‌కూ కావాల్సిన లైను ఒక్కటే. మీ మండలంలో టవర్ల గురించి అధికారులు చెప్పినప్పుడు, ఎన్ని ఉన్నాయనే కాదు, పీహెచ్‌సీ గదిలో వీడియో ఆగకుండా నడుస్తుందా అని కూడా అడగండి.