నవోదయ ప్రవేశములు – మన బిడ్డలు

తళోధిలోని మన జిల్లా నవోదయ విద్యాలయమున ఆరవ తరగతి ప్రవేశమునకు పరీక్ష గలదు. సీట్లలో నూటికి 75కు తక్కువ గాకుండ గ్రామీణ బాలబాలికలకే ప్రత్యేకింపబడినవి. ఇది న్యాయమే, ట్యూషనులు గల పట్టణ బాలునితో పల్లె బాలుడు పోటీపడజాలడు.

అయితే 2020లో మన ఘుగ్గుస్ గ్రామ పంచాయతీ నగర పరిషత్తుగా మారినది. మూడు, నాలుగు, ఐదు తరగతులు గ్రామమున చదివినవారికే గ్రామీణ కోటా వర్తించును. కావున ఇచట చదువు బొగ్గుగని కూలివాని బిడ్డయు నేడు పట్టణవాసియే! ఊరి హోదా మారినది గాని ఇంటి స్థితి మారలేదు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ, చెప్పువారు లేరు. ఈ బిడ్డను చంద్రపురపు బిడ్డను ఒకే తక్కెడలో తూచుట న్యాయమగునా?

నియమము సవరింపుడని అధికారులకు విన్నవింతము. అందాక చదువుకొన్న యువకులు సాయంకాలము గణితము బోధింతురు గాక. వర్తకులు పుస్తకముల వ్యయము భరింతురు గాక.