పట్టికలో లేని కిలోమీటర్లు

ఆగస్టు చివర్లో హైదరాబాద్ మారథాన్ పరుగెత్తాలంటే మే నెలలోనే సాధన మొదలవ్వాలి. శిక్షణ పట్టిక అన్నీ చెబుతుంది. మంగళవారం టెంపో (కాస్త వేగంగా, ఒకే ఊపులో పరుగు), గురువారం ఈజీ రన్, ఆదివారం లాంగ్ రన్, సోమవారం రెస్ట్. రోళ్లు పగిలే ఎండలు కనుక లాంగ్ రన్‌కి తెల్లవారుజామున నాలుగున్నరకే నెక్లెస్ రోడ్డు మీదో, కేబీఆర్ పార్కు చుట్టూనో ఉండాలి. అంటే మూడున్నరకు లేవాలి. ఏడు గంటల నిద్ర కావాలంటే రాత్రి ఎనిమిదిన్నరకు పడుకోవాలి. మాదాపూర్‌లో పనిచేసే చాలామందికి ఎనిమిదిన్నరంటే అమెరికా క్లయింటుతో కాల్‌లో కూర్చునే వేళ.

ఉద్యోగం వేళలు మారవు, సూర్యుడూ మన కోసం ఆగడు. ఇక కోత పడేది నిద్రకే. బ్రాహ్మీ ముహూర్తంలో లేవమన్న పెద్దలు దీపాలు పెట్టగానే నాలుగు మెతుకులు తిని పడుకునేవారు. మనం వాళ్ల మాటలో సగమే పాటిస్తున్నాం.

పరుగెత్తుతున్నంతసేపూ కండరం బలపడదు, అలిసిపోతుంది, సన్నగా దెబ్బతింటుంది. దాన్ని బాగుచేసే పని తర్వాత జరుగుతుంది. అందుకు సాయపడే గ్రోత్ హార్మోన్‌లో ఎక్కువ భాగం గాఢనిద్రలోనే విడుదలవుతుంది. కండరాల్లో ఇంధనంగా ఉండి ఖర్చయిపోయిన గ్లైకోజెన్ మళ్లీ నిండడానికి సరైన తిండి తిన్నా దాదాపు ఒక రోజు పడుతుంది. నాలుగ్గంటల నిద్రతో మర్నాడు మళ్లీ బూట్లు కట్టుకుంటే సాధన సగంలో ఆగినట్టే.

ఆఫీసులో కూర్చునే పనే కదా, అది విశ్రాంతి కిందే లెక్క అనుకునేవారున్నారు. శరీరానికి అలాంటి లెక్క లేదు. విడుదల తేదీ దగ్గరపడిన ప్రాజెక్టూ, గంటన్నర ట్రాఫిక్కూ, బాసుతో మాటపట్టింపూ అన్నీ దాని ఖాతాలో అలసటగానే పడతాయి. ఇక వార్డులో నైట్ డ్యూటీ దిగిన నర్సు సంగతీ, కూడలిలో రోజంతా నిలబడ్డ ట్రాఫిక్ కానిస్టేబుల్ సంగతీ చెప్పాలా? వాళ్లు నడిచిన కిలోమీటర్లు, నిలబడ్డ గంటలు ఏ పట్టికలోనూ ఉండవు. ఆ పట్టికేమో ఒక్క పరుగు తప్పినా ఎర్ర గుర్తు పెడుతుంది. దాన్ని చూడలేక రాత్రి పదకొండింటికి అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కార్ల మధ్య చుట్లు కొట్టేవాళ్లను చూస్తే నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

జపాన్ రన్నర్ యూకి కవౌచి కథ ఇలాంటివారు తెలుసుకోదగ్గది. అతను సైతామా ప్రిఫెక్చర్ ప్రభుత్వ ఉద్యోగిగా ఉండేవాడు, ఒక హైస్కూలు ఆఫీసులో పూర్తికాలం పని. జపాన్ మేటి రన్నర్లలో చాలామంది కంపెనీల జట్లలో ఉంటారు, జీతం తీసుకుంటూ రోజుకు రెండు పూటలా సాధన చేస్తారు. కవౌచికి అప్పట్లో మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా డ్యూటీ. అందుకని ఉదయం ఒక్క పూటే పరుగు. వారం మొత్తంలో గట్టిగా శ్రమించేది రెండుసార్లు, వారం మధ్యలో ఒకసారి వేగం కోసం, వారాంతంలో ఇంకోసారి దూరం కోసం. తక్కిన రోజులన్నీ నింపాదిగా జాగింగ్. స్కూలు రోజుల్లో అతిగా పరుగెత్తి గాయాలపాలైనవాడిని యూనివర్సిటీలో నిలబెట్టింది ఈ తక్కువ మోతాదే. 2018 ఏప్రిల్‌లో బోస్టన్ మారథాన్ నాడు చలి, వాన, ఎదురుగాలి. చివరి మైళ్లలో అప్పటి ప్రపంచ చాంపియన్ జెఫ్రీ కిరుయిని దాటి 2 గంటల 15 నిమిషాల 58 సెకన్లలో గెలిచాడు.

ఉద్యోగమే గెలిపించిందనడం అతిశయోక్తి. మరుసటి ఏడాది దాన్ని వదిలి పూర్తికాలపు రన్నరయ్యాడు కూడా. ఏడాదిలో పది పన్నెండు మారథాన్లు పరుగెత్తే అతని అలవాటు మనకు ఆదర్శం కానూ కాదు. మెచ్చుకోవలసింది ఒక్కటే, ఉద్యోగం మిగిల్చిన పూటనే మొత్తం సాధనగా తీసుకున్నాడు, లేని రెండో పూట కోసం వెతుక్కోలేదు. మనలో ఎవరైనా గడ్డురోజుల్లో వారానికి ఐదు పరుగుల్ని మూడు చేసుకుంటే కొంపలేమీ మునగవు. ఆ మూడింట్లో లాంగ్ రన్ ఒకటి ఉంటే చాలు.

విశ్రాంతి గురించి చెప్పేవారు సాధారణంగా దాటేసే విషయం ఇంకొకటుంది. ఆదివారం ముప్పై కిలోమీటర్లు పరుగెత్తి వచ్చిన మగవాడు టిఫిన్ తిని మధ్యాహ్నం దాకా పడుకుంటాడు. ఆ టిఫిన్ చేసిందెవరు, పిల్లల్ని పక్కగదిలో సద్దుమణిగేలా చూసిందెవరు? అదే దూరం పరుగెత్తిన ఆడమనిషి చాలా ఇళ్లలో బూట్లు విప్పి నేరుగా వంటింట్లోకి వెళ్తుంది. ముందురోజు రాత్రే పిండి రుబ్బి, కూరగాయలు తరిగి పెట్టుకుని మరీ పరుగుకు వచ్చి ఉంటుంది. సోమవారం రెస్ట్ అని పట్టికలో రాసి ఉన్నా, లంచ్ బాక్సులకు రెస్ట్ ఉండదు.

భార్యాభర్తలిద్దరూ పరుగెత్తే ఇళ్లలో కొందరు దీన్ని సర్దుకుంటున్నారు. ఒకరు శనివారం, ఒకరు ఆదివారం లాంగ్ రన్‌కి వెళ్తారు. ఇంట్లో ఉన్నవారిదే ఆ పూట వంటా, పిల్లలూ. పరుగెత్తి వచ్చినవారు తిని పడుకోవచ్చు. గుంపుగా వెళ్లే స్నేహితులు, పరుగయ్యాక ఇడ్లీ, ఫిల్టర్ కాఫీ అన్నీ ఆదివారానికే ఉంటాయి కాబట్టి ఆ రోజు ఎవరిదన్న దగ్గర మాత్రం ఇంకా పేచీ తెగలేదట.